కనిపించేది చూపొక్కటే

ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్లకు రాత్రి దీపాలు ఆర్పాక టార్చి పట్టుకుని తొట్టె ముందు నిలబడటం అలవాటు. పగలు ముడుచుకున్న పగడపు పాలిప్‌లు అప్పుడు విచ్చుకుంటాయి. రాళ్ల సందుల్లోని పురుగులు తలలు బయటపెడతాయి. ఎప్పుడో ఒక రాత్రి, టార్చి కాంతి గాజుకు తగిలిన చోటికి వందలాది చుక్కలు వచ్చి చేరతాయి. అన్నీ జంట చుక్కలే. నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు. ఆ చుక్కల వెనక ఒళ్లంటూ ఏదీ ఆనదు. కాసేపు కన్ను నిలిపితే, జంట చుక్కలకు ఆనుకుని నీరు కొద్దిగా వంగినట్టు, అక్కడొక అంచు ఉన్నట్టు, ఆ అంచుకు ముందొక ముల్లు, వెనక రెండు ముళ్లు ఉన్నట్టు మెల్లగా తెలుస్తుంది. ఆ తొట్టెలో ఎవరూ తెచ్చి వేయని ప్రాణులివి. మాంటిస్ రొయ్య లార్వాలు.

గుర్తుపట్టగానే పెంపకందారుకు కలిగేది భయమే. అందులో అన్యాయమూ లేదు. రీఫ్ ట్యాంకులో పేర్చే లైవ్ రాక్ సముద్రం నుంచి వచ్చిన రాయి, దాని బొరియల్లో ఎన్నో ప్రాణులు కంటపడకుండా ప్రయాణిస్తాయి. వాటిలో అందరూ జడిసేది మాంటిస్ రొయ్యకే. రాత్రిళ్లు రాయి లోపలినుంచి టక్ టక్ మని చప్పుడు, తెల్లారేసరికి పగిలిన నత్తగుల్ల, లెక్కకు రాని పీత: ఇవీ దాని ఉనికికి ఆనవాళ్లు. లార్వాలు కనిపించాయంటే రాయిలో ఉన్నది ఒకటి కాదేమో, గుడ్లు పొదిగిన తల్లి అయినా అయి ఉండాలన్న లెక్క వెంటనే తగులుతుంది. చేయి సైఫన్ గొట్టం వైపు వెళుతుంది.

ఆ చేయిని ఒక గంట ఆపమని నా మనవి. మాంటిస్ రొయ్యల గురించి ఇప్పటిదాకా రాసిందంతా దాదాపు పెద్దవాటి గురించే. లార్వా ప్రస్తావన వస్తే, అది ఇంకా పూర్తికాని పెద్ద రొయ్య అన్నట్టు రెండు వాక్యాల్లో దాటేస్తారు. నా మటుకు నాకు ఈ లార్వా తనంత తానుగా పూర్తయిన రూపం. దాని సౌందర్యానికి దాని సొంత నియమాలున్నాయి. ఆ నియమాలు పెద్దదాని నియమాలకు పూర్తిగా ఎదురు.

పెద్దదాని సంగతి ముందు చెప్పుకోవాలి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడపు దిబ్బల్లో ఉండే నెమలి మాంటిస్ రొయ్య ఒంటినిండా రంగులే. ఆకుపచ్చ వీపు, ఎర్రటి కాళ్లు, ముందువైపు పక్కల మచ్చలు. దాని దెబ్బ సెకనుకు 23 మీటర్ల వేగాన్ని అందుకుంటుందని షీలా పటేక్ బృందం 2004లో కొలిచి చెప్పింది. ఆ వేగానికి నీటిలో బుడగలు పుట్టి, పగిలి, రెండో దెబ్బ కొడతాయి. కన్నుల్లో పన్నెండు రకాలకు పైగా గ్రాహకాలు. వర్తులంగా ధ్రువణమైన కాంతిని కూడా పట్టే చూపు. ఇదంతా వీరరసం. వీరం నుంచి అద్భుతం పుడుతుందని నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన క్రమం ఇక్కడ తు.చ. తప్పకుండా పనిచేస్తుంది: ముందు పరాక్రమం, దాన్ని చూసి విస్మయం. ఈ ప్రాణి మీద లోకానికున్న మోజంతా ఆ దారిలో వచ్చినదే.

లార్వా దగ్గర ఆ దారి పనికిరాదు. రంగు లేదు, చప్పుడు లేదు, పగలగొట్టిన గుల్ల లేదు. అయినా విస్మయం కలుగుతుంది, వీరం సాయం లేకుండానే. పెద్దదాన్ని అలంకారంతో నిండిన పద్యమనుకుంటే లార్వాలో ఉన్నది ధ్వని. చెప్పినది కొంచెం, స్ఫురించేది ఎంతో. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అని నిలబెట్టిన ఆ గుణాన్ని నాలుగు మిల్లీమీటర్ల నీటిప్రాణిలో వెతకడం అతి అనిపించవచ్చు. పరీక్షించి చూద్దాం.

మొదట ఆకారం. శరీరంలో ఎక్కువ భాగాన్ని ఒక పారదర్శకమైన పైకవచం కప్పి ఉంటుంది. దాని ముందుకొన సూదిలా సాగుతుంది, వెనక రెండు మూలలూ మరో రెండు ముళ్లుగా తేలతాయి. కవచం కింద నుంచి తోకభాగం బయటికి వస్తుంది. చివర వెడల్పాటి పలక, దాని అంచున పళ్లు. తోకభాగం అడుగున ఈదే కాళ్లు వరసగా, ఒకదాని తర్వాత ఒకటి ఊగుతాయి. ఆ ఊపు ఒంటినిండా పాకుతున్నా కవచం మాత్రం నిశ్చలంగా ముందుకు జారుతుంది. లోపల కదలిక, పైన స్థిమితం. తలముందు కాడల మీద రెండు కళ్లు, ఒంటితో పోల్చితే చాలా పెద్దవి. వాటి వెనక, కవచం నీడలో మడిచి పెట్టిన రెండు కొట్టే కాళ్లు.

అన్ని జాతులదీ ఒకే గీత కాదు. కొన్నింటి కవచం వెడల్పుగా, డాలులా పరుచుకుంటుంది. మరికొన్నింటి ఒళ్లు సన్నగా, పొడుగ్గా సాగి గాజు పుల్లను తలపిస్తుంది. 1817లో ఈ రెండు రూపాలకూ యూరప్ జంతుశాస్త్రవేత్తలు రెండు వేర్వేరు ప్రజాతులుగా పేర్లు పెట్టారు: లాత్రేయి ఒకదాన్ని ఎరిక్తస్ అన్నాడు, లీచ్ మరొకదాన్ని అలిమా అన్నాడు. అవి మరో ప్రాణి పిల్లలని అప్పటికి తెలియదు. 1871లో కార్ల్ క్లాస్ వీటి రూపపరిణామం మీద వివరమైన గ్రంథం వెలువరించాడు. 1886లో ఛాలెంజర్ నౌకాయాత్ర నివేదికలో డబ్ల్యూ.కె. బ్రూక్స్ ఏ లార్వా ఏ కుటుంబానిదో జతపరిచే పనిని ముందుకు తీసుకెళ్లాడు. మొదటి తరం శాస్త్రవేత్తలది పొరపాటే. కానీ ఆ పొరపాటులో ఒక రసజ్ఞత ఉంది. చూసినదాన్ని చూసినట్టుగా, సంపూర్ణ జీవిగా స్వీకరించారు. దేనికో ముందుమాట అనుకోలేదు.

ఇక కళ్లు. ఈ కావ్యానికి ప్రాణమంతా ఇక్కడే ఉంది. నడిసముద్రపు పైపొరల్లో దాక్కోవడానికి రాయి ఉండదు, నాచు ఉండదు. ఏ వైపు నుంచి చూసినా వెనక నీరే. అక్కడ మిగిలిన దాపరికం ఒక్కటే, తనలోంచి కాంతిని పోనివ్వడం. కండరం, కవచం, పేగు అన్నీ వీలైనంత పారదర్శకమవుతాయి. ఒక్క అవయవం మాత్రం కాలేదు. చూడాలంటే కాంతిని పట్టాలి. కాంతిని పట్టినది నల్లగా కనపడక తప్పదు. దృష్టిపటలంలోని రంగుపదార్థం లేకపోతే పక్క కాంతి కలిసిపోయి చూపు చెదురుతుంది. కాబట్టి పూర్తిగా దాక్కున్న ప్రాణి గుడ్డిది కావాలి, చూసే ప్రాణి బయటపడాలి. ఈ విరోధాన్ని లార్వా ఎలా తీర్చుకుందో కేథరిన్ ఫెల్లర్, థామస్ క్రోనిన్ 2014లో రాశారు. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజార్డ్ ఐలాండ్ దగ్గర లార్వాలను పరిశీలించి, ఆ కళ్ల నల్లదనం మీద కాంతిని తిప్పికొట్టే పొర ఉందనీ, అది చుట్టూ ఉన్న నీటి వెలుగుకు దగ్గరగా మెరిసి కంటిని నేపథ్యంలో కలిపేస్తుందనీ చూపించారు. టార్చి ముందు మనకు కనిపించే నీలాకుపచ్చ మెరుపు అదే. సముద్రంలో ఆ మెరుపు దాపరికం. గాజుతొట్టెలో అదే బయటపెడుతుంది.

2023లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయపు బృందం రొయ్యలు, పీతల తెగకు చెందిన లార్వాల కళ్లలో ఇలాంటి పొర నిర్మాణాన్నే వెలికితీసింది. ఐసోజాంథాప్టెరిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ గోళాలు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. గోళాల పరిమాణం, అమరిక మారితే తిరిగివచ్చే రంగు ముదురు నీలం నుంచి పసుపు దాకా మారుతుంది. ఆ పరిశోధనకు తీసుకున్న ప్రాణుల్లో మన నీలకంఠ రొయ్య కూడా ఉంది. నెల్లూరు, గోదావరి జిల్లాల రైతులకు కొత్తేమీ కాని రొయ్య, దాని పిల్ల కంటిలో ఇంత కళ దాచుకుని ఉంది.

రంగు పూయకుండా రంగు పుట్టించడం, అదీ కనపడటానికి కాక కనపడకుండా పోవడానికి: అలంకారశాస్త్రం దీన్ని ఏ పేరుతో పిలుస్తుందో నాకు తోచదు. విరోధాభాసకు దగ్గరగా వస్తుంది. కానీ విరోధాభాసలో విరోధం మాటల్లోనే ఉండి అర్థంలో తొలగిపోతుంది. ఇక్కడ విరోధం నిజం, పరిష్కారమూ నిజం.

మూడోది దెబ్బ. పొదిగిన తర్వాత మొదటి మూడు దశలూ గోనోడాక్టిలస్ వంటి ప్రజాతుల పిల్లలు తల్లి బొరియలోనే గడుపుతాయి, గుడ్డులోని పచ్చసొన మిగులుతో. నాలుగో దశలో వెలుతురు వైపు ఈదుకుంటూ బయటికొస్తాయి. టార్చి దగ్గర గుమికూడేవి ఇవే. జాకబ్ హారిసన్, పటేక్ తదితరులు హవాయిలోని ఒవాహు దీవి దగ్గరి గోనోడాక్టిలేసియస్ ఫాల్కేటస్ లార్వాలను హైస్పీడ్ కెమెరాతో చిత్రించి 2021లో ఫలితాలు ప్రకటించారు. పొదిగిన 9 నుంచి 15 రోజుల మధ్య, బియ్యపుగింజంత ఒంటితో, అవి దెబ్బ కొట్టడం మొదలుపెడతాయి. కాలిలో స్ప్రింగు, దాన్ని బిగించి పట్టే గడియ, వదిలే కండరం, అన్నీ అప్పటికే పనిలో ఉన్నాయి. వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు. చిన్న స్ప్రింగులు పెద్దవాటికన్నా వేగంగా విడుదలవుతాయన్న అంచనాను ఈ పిల్లలు నెరవేర్చలేదు, పెద్దవాటిని మించలేదు. ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి ప్రాణి వంటి ఆహారాన్ని పట్టడానికి అంతకన్నా అవసరమూ లేదు.

నన్ను కట్టిపడేసేది వేగం అంకె కాదు. ఒళ్లు పారదర్శకం కాబట్టి స్ప్రింగు బిగుసుకోవడం, కండరం ముడుచుకోవడం పైనుంచే కనిపిస్తాయి. పెద్ద మాంటిస్ రొయ్యలో దెబ్బ పడిన తర్వాతే మనకు తెలుస్తుంది. కారణం ముదురు కవచం లోపల ఉండిపోతుంది, ఫలితం ఒక్కటే బయటపడుతుంది. లార్వాలో కారణం మన ఎదుటే రూపు కడుతుంది. నాటకంలో భావం ముఖం మీదికి రాకముందు పాత్ర ఊపిరిలో కనిపించే క్షణం ఉంటుంది. మంచి నటుడు ఆ క్షణాన్ని దాచడు. ఈ లార్వాకు దాచే వీలే లేదు. దానివల్ల భయానకం సౌమ్యమవుతుంది. దెబ్బ ఇంకా పడలేదు, పడబోతోందని తెలుస్తోంది, దాని తాకిడి ఎవరికీ తగలనంత చిన్నది. భయానికి వస్తువు ఉండి హాని లేకపోవడమే రసానుభవానికి కావలసిన దూరం.

లార్వా పెద్దదానికి చిత్తుప్రతి కాదని ముందే అన్నాను. దానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం మళ్లీ కంటిదే. చాలా జాతుల్లో పెద్ద రొయ్య కంటిలో నడుమ ఆరు వరసల పట్టీ ఉంటుంది. రంగును, వర్తుల ధ్రువణాన్ని పట్టే పని దానిదే. లార్వా కంటిలో ఆ పట్టీ లేదు. పెరిగే కొద్దీ లార్వా కన్నే మారి పెద్ద కన్ను అవుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది వేరు. లార్వా దశ ముగిసే వేళకు పాత దృష్టిపటలం పక్కన పెద్దదాని దృష్టిపటలం కొత్తగా కట్టుకోవడం మొదలవుతుంది. కొంతకాలం రెండూ ఒకే కంటిలో పక్కపక్కన ఉంటాయి. తర్వాత పాతది వెనక్కి తోసుకుపోయి క్షీణిస్తుంది. చిత్తుప్రతిని దిద్ది శుద్ధప్రతి చేసే పద్ధతి ఇది కాదు. ఒక రచన ముగిసింది, దాని పక్కనే మరో రచన మొదలైంది. నడిసముద్రపు నీలంలో దూరం నుంచి వచ్చే శత్రువునూ దగ్గరి ఆహారాన్నీ కనిపెట్టడానికి ఒక కన్ను. పగడపు దిబ్బలో రంగుల సందడి మధ్య పోట్లాడటానికి మరో కన్ను. ఆ మార్పుతో పాటే ఒళ్లు పారదర్శకత వదులుకుంటుంది. రంగు వస్తుంది, బొరియ వెతుక్కుంటుంది. పెద్దదాని వైభవమంతా ఈ స్వచ్ఛతను పోగొట్టుకుని కొన్నదే.

ఇంత చూశాక తొట్టెలో ఏం చేయాలన్న ప్రశ్న మిగిలే ఉంది. రసాస్వాదన కర్తవ్యాన్ని రద్దు చేయదు. మొదటి సంగతి, లార్వాలు తొట్టెకు ప్రమాదం కావు. వాటికే తొట్టె ప్రమాదం. చేపలు, పగడాలు, ప్రోటీన్ స్కిమ్మర్, పవర్‌హెడ్ కలిసి కొద్ది రోజుల్లోనే దాదాపు అన్నింటినీ మాయం చేస్తాయి. సముద్రంలో అవి కొన్ని వారాలు, జాతిని బట్టి కొన్ని నెలలు తేలుతూ బతుకుతాయి. ఆ విశాలం, ఆ ఆహారం గాజు గోడల మధ్య దొరకవు. దాచుకోవాలనుకుంటే పంపులు ఆపి, ఒక మూల టార్చి పెట్టి, అక్కడికి చేరినవాటిని వెడల్పు మూతి పిపెట్‌తో మెల్లగా తీసి, అదే తొట్టె నీరు నింపిన వేరే పాత్రలోకి మార్చాలి. నీటిని నెమ్మదిగా తిప్పే గాలిబుడగ చాలు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా మేతగా వేయాలి. ఒకదాన్నొకటి తినే గుణం ఉంది కాబట్టి వీలైతే విడివిడి గిన్నెల్లో ఉంచాలి. ఒకవైపే బలమైన దీపం పెడితే అన్నీ ఆ గోడకు గుద్దుకుంటూ అలసిపోతాయి, వెలుగు పలచగా అంతటా పరచాలి. ఇంత చేసినా చాలావరకు చనిపోతాయి. పెంపకందారు అది ముందే ఒప్పుకుని మొదలుపెట్టాలి.

తల్లి సంగతి వేరు. గుడ్లను ముందుకాళ్లతో పట్టుకుని, తిప్పుతూ, శుభ్రం చేస్తూ, బొరియ వదలకుండా కాపలా కాసిన ప్రాణి అది. చేపల తొట్టెలో దాన్ని ఉంచలేం, నిజమే. రాయిని బయటికి తీసి బక్కెట్ మీద పట్టుకుని బొరియలోకి మరింత ఉప్పగా కలిపిన నీటిని పోస్తే సాధారణంగా అదే బయటికొస్తుంది. దానికి వేరే చిన్న తొట్టె, ఒక గొట్టం ముక్క, కొన్ని గుల్లలు ఇస్తే సరి. ఎట్టి పరిస్థితిలోనూ తల్లినీ పిల్లలనూ దగ్గర్లోని సముద్రంలో వదలకూడదు. హారిసన్ బృందం చిత్రించిన ఫాల్కేటస్ హవాయికి స్థానికం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో బయటి నుంచి చేరి, చనిపోయిన పగడపు ముద్దల్లో అంతకుముందున్న మరో మాంటిస్ రొయ్యను పక్కకు నెట్టింది. 1968లోనే ఆ సంగతి పరిశోధకుల దృష్టికి వచ్చింది. అనుకోని అతిథి ఒక తొట్టెకే పరిమితమైతే ముచ్చట, తీరానికి చేరితే నష్టం.

ఈ అందం తెలుగువాళ్లకు అందనిది కాదు. విశాఖ నుంచి నెల్లూరు దాకా రొయ్యల హ్యాచరీల్లో రోజూ జరిగే పని ఒకటుంది. బీకరులో కొంచెం నీరు తీసి వెలుతురుకు ఎత్తి పట్టి, పిల్లల ఈత, పేగు నిండుదనం, కవచం స్వచ్ఛత చూస్తారు. నాప్లి, జోయియా, మైసిస్, పీఎల్ అని దశలు చెప్పి బేరమాడే రైతుకు పారదర్శకమైన ప్రాణిని చదవడం వృత్తిలో భాగం. ఆ చూపుకు లాభనష్టాల లెక్క అడ్డు తొలగితే రసదృష్టి అవడానికి ఎంతో దూరం లేదు. ఇంకో బంధమూ ఉంది. మద్రాసు తీరపు ప్లాంక్టన్‌లోని మాంటిస్ రొయ్య లార్వాలను ఓపికగా వర్ణించి కె.హెచ్. అలికున్హి 1952లో సుదీర్ఘ పత్రం ప్రచురించాడు. అదే అలికున్హి, హీరాలాల్ చౌధురితో కలిసి 1957లో హార్మోన్ ఇంజెక్షన్‌తో కార్పు చేపలను గుడ్లు పెట్టించే పద్ధతిని ప్రకటించాడు. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లోని కట్ల, రోహు పిల్ల ఆ పద్ధతి మీదే ఆధారపడింది. ఎవరికీ పైసా రాబడి లేని లార్వాను నిదానంగా చూసిన కన్నూ, కోట్ల రూపాయల చేపల సాగుకు పునాది వేసిన కన్నూ ఒక్కటే.

అక్వేరియం ఒక రంగస్థలంగా ఈ లార్వాకు న్యాయం చేస్తుందా? పూర్తిగా చేయదు. లోతు లేదు. నాలుగు దిక్కులా ఒకేలా పరుచుకునే నీలం లేదు. పైనుంచి పడే ఎల్‌ఈడీ కాంతికి కంటి పొర సరిగా లొంగదు. సముద్రం కోసం సిద్ధమైన నటన చిన్న వేదిక మీద అతిగా బయటపడుతుంది. అయినా ఆ లోపమే మనకు అవకాశం. సముద్రంలో ఈ కళ సఫలమైతే దాన్ని ఎవరూ చూడలేరు. చూడగలిగారంటే అది విఫలమైనట్టే. తొట్టెలో మాత్రం ఆ వైఫల్యానికి ప్రాణాన్ని వెలగా అడగని ఒక ప్రేక్షకుడు దొరికాడు.

అందుకే ఆ గంట అడిగాను. సైఫన్ వాడాలనుకుంటే వాడొచ్చు, తల్లిని ఎలాగూ మార్చాల్సిందే. ఆ పనులు గంట తర్వాత కూడా అంతే సులువు. తెల్లవారితే పంపులు తిరుగుతాయి, స్కిమ్మర్ నురుగు కక్కుతుంది, చేపలు ఆకలితో లేస్తాయి. పెద్ద మాంటిస్ రొయ్యను చూడటానికి జీవితంలో ఇంకా ఎన్నో అవకాశాలు వస్తాయి. వీడియోలున్నాయి, ప్రదర్శనశాలలున్నాయి. తనను తాను కనపడకుండా చేసుకుని చూపును మాత్రం ఉంచుకున్న ఈ ప్రాణి మన ఇంటికి వచ్చేది ఒక్క రాత్రికే. దాన్ని మరోదానికి నాందిగా కాక, దానికదే నాటకంగా చూడాలి.